చెవిటి కుక్కపిల్లకు చదువు

(బి.ఎస్సి. ఫైనలియర్ విద్యార్థి)

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని మనవాళ్లకొక సామెత ఉంది. చెప్పినా ప్రయోజనం లేని చోట దాన్ని వాడుతుంటాం. నాకు మాత్రం ఈ సామెత మీద ఒక అనుమానం. చెవిటివాడి ముందు శంఖమే ఎందుకు ఊదాలి? చేయి ఊపవచ్చు కదా! దీపం చూపవచ్చు కదా! వినలేకపోవడం వేరు, తెలుసుకోలేకపోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మనుషులకు జరిగిన అన్యాయం గురించి పెద్దలెవరైనా రాయాలి. నేను రాయబోయేది ఒక కుక్కపిల్ల సంగతి.

దాని పేరు మల్లి. ఒళ్లంతా తెలుపు. తోక మొదట్లో మాత్రం రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ. ఒక కన్ను నల్లన, ఇంకొకటి లేత నీలం. అనంతపురం జిల్లాలోని మా ఊళ్లో, మా ఇంట్లో పెరుగుతోంది. రెండు చెవులూ వినిపించవు. అయినా పిలిస్తే వస్తుంది, కూర్చోమంటే కూర్చుంటుంది, ఆగమంటే ఆగుతుంది. "అదెట్లా?" అని హాస్టల్లో అడిగిన ప్రతివాడికీ విడివిడిగా చెప్పలేక ఈ వ్యాసం రాస్తున్నాను.

తెలుపుకూ చెవుడుకూ ఏమి సంబంధం?

జువాలజీ చదివే మిత్రులకు ఇది కొంత తెలిసిన సంగతే. ఆర్ట్స్, కామర్స్ మిత్రుల కోసం మొదటినుంచీ చెబుతాను. శబ్దతరంగాలు కర్ణభేరిని తాకి కదిలిస్తాయి. మధ్యచెవిలో ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలిచెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్లలాగా చుట్టుకొని ఉన్న అవయవమే కాక్లియా. అందులో సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న రోమకణాలు ఉంటాయి. ద్రవం కదిలినప్పుడు ఈ రోమాలు వంగుతాయి. వంగగానే విద్యుత్ సంకేతం పుట్టి, నరం గుండా మెదడుకు పోతుంది. మనం "విన్నాం" అనేది అప్పుడు.

ఈ పని జరగాలంటే రోమకణాలపైనుండే ద్రవంలో పొటాషియం ఎక్కువగా ఉండాలి. కాక్లియా పక్కగోడలో రక్తనాళాలతో నిండిన ఒక పొర ఈ పొటాషియాన్ని ఎప్పటికప్పుడు తోడి పోస్తూ సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్తును నిలబెడుతుంది. అంటే చెవికి అది బ్యాటరీ వంటిది. విచిత్రమేమంటే, ఈ బ్యాటరీ పనిచేయడానికి మెలనోసైట్లు కావాలి. చర్మానికీ వెంట్రుకలకూ రంగునిచ్చే కణాలివే.

మెలనోసైట్లు పిండదశలో వెన్ను వైపున పుట్టి, అక్కడినుంచి శరీరమంతటా వలస పోతాయి, మా జిల్లా వాళ్లు బెంగుళూరుకు వలస పోయినట్టు. కొన్ని కుక్కల్లో జన్యువుల మూలంగా ఈ వలస పూర్తిగా సాగదు. ఈ కణాలు చేరని చోట చర్మం మీద వెంట్రుక తెల్లగా వస్తుంది. కంటిపాపకు చేరకపోతే కన్ను నీలంగా ఉంటుంది. లోపలిచెవికి చేరకపోతే బ్యాటరీ దిగిపోతుంది, రోమకణాలు చచ్చిపోతాయి. కుక్కపిల్ల పుట్టినప్పుడు చెవి రంధ్రాలు మూసుకొని ఉంటాయి. సుమారు రెండు వారాలకు తెరుచుకుంటాయి. ఈ రకం చెవుడు మూడు, నాలుగు వారాల వయసులో వస్తుంది. కొన్ని పిల్లలు నాలుగు రోజులపాటు లోకాన్ని విని, ఆ తర్వాత నిశ్శబ్దంలోకి పోతాయన్నమాట. క్షీరదాల చెవిలో చచ్చిన రోమకణాలు తిరిగి మొలవవు. కాబట్టి దీనికి మందు లేదు, నాటువైద్యమూ లేదు. చెవిలో వేడినూనె పోయడం వంటివి చేస్తే నొప్పి తప్ప మిగిలేదేమీ ఉండదు.

ఈ సంబంధాన్ని పూర్వులు గమనించకపోలేదు. డార్విన్ 1859లో అచ్చయిన 'జాతుల ఉత్పత్తి' గ్రంథంలోనే నీలికళ్ల పిల్లులకు చెవుడుంటుందని ప్రస్తావించాడు. కుక్కల్లో దీనికి పేరుపడింది తెల్లని ఒంటిపై నల్లమచ్చలుండే డాల్మేషియన్ జాతి. అమెరికాలో జార్జ్ స్ట్రెయిన్ అనే శాస్త్రజ్ఞుడు జరిపిన పరీక్షల్లో ఆ జాతిలో నూటికి సుమారు 30 కుక్కలకు ఒక చెవికో, రెండు చెవులకో వినికిడి లేదని తేలింది. అందులో రెండు చెవులూ పోయినవి సుమారు 8. అట్లాగని తెల్ల కుక్కలన్నీ చెవిటివని కాదు. తెలుపు ఎక్కువగా ఉన్నచోట అనుమానం ఎక్కువ, అంతే. ఇది వంశపారంపర్యం కాబట్టి ఇటువంటి కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం మంచిది. ఇదిగాక ముసలితనం వల్ల, చెవిలో చీము పట్టడం వల్ల, జెంటామైసిన్ వంటి కొన్ని మందుల వల్ల కూడా కుక్కలకు చెవుడు రావచ్చు.

చెవుడని తెలుసుకోవడం

మా కళ్లంలో శెనక్కాయ కట్టె వామి ఉంది. పోయిన ఏడాదికి ముందటి డిసెంబరులో ఊరకుక్క ఒకటి దాని సందులో నాలుగు పిల్లల్ని పెట్టింది. సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి పోయేసరికి అవి కళ్లం నిండా ఉరుకుతున్నాయి. ఒకరోజు ట్రాక్టరు స్టార్టు చేయగానే మూడు పిల్లలు వామి కిందికి దూరినాయి. తెల్లది మాత్రం ఎండలో నిద్రపోతూనే ఉంది. మా నాయన చూసి, "దీనికి చెవుడుంది రా" అన్నాడు.

ఒక్కసారి చూసి తేల్చడం సైన్సు కాదు గదా! అందుకని నేను మూడు జాగ్రత్తలు తీసుకొని పరీక్ష పెట్టాను. ఒకటి, నేను దానికి కనపడకూడదు. కుక్కకు మనకంటే పక్కలు ఎక్కువగా కనిపిస్తాయి. వెనకనుంచి చప్పట్లు కొడితే చేయి కదలిక చూసి తిరుగుతుంది, మనం విన్నదనుకుంటాం. రెండు, గాలి తగలకూడదు. మూడు, నేల అదరకూడదు. కాలు నేలకేసి కొడితే చెవిటి కుక్క కూడా లేస్తుంది, పాదాలతో అదురు తెలుసుకొని. కాబట్టి పిల్లలు నిద్రపోతున్నప్పుడు గోడ అవతల నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. మూడు తలలు లేచినాయి, నాలుగోది లేవలేదు. వేరువేరు పూటల్లో ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ అంతే.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఒక చెవి మాత్రమే పోయిన కుక్క దీనికి దొరకదు, రెండో చెవితో వింటుంది కాబట్టి. దాన్ని పట్టాలంటే చెవిలో టిక్ టిక్ శబ్దాలు వినిపించి, తలమీద సన్నని సూదులతో మెదడులోని విద్యుత్ స్పందనను కొలిచే యంత్రం ఉండాలి. అయిదారు వారాల పిల్లకు కూడా ఆ పరీక్ష చేయవచ్చు. మామూలు పశువుల ఆస్పత్రుల్లో ఈ యంత్రం ఉండదు.

ఉంచుకోవాలా, వదిలేయాలా?

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. రైతు ఇంట్లో కుక్క ముద్దు కోసం ఉండదు, పని కోసం ఉంటుంది. రాత్రిపూట అడవిపందులు శెనక్కాయ చేన్లో పడి దున్నిపారేస్తాయి. కుక్క అరిస్తేనే కాపలా ఉన్నవాడు లేచేది. "పంది వచ్చేది దీనికెట్ల వినపడుతుంది? పని చెయ్యని నోటికి సంగటి యాడ్నుంచి తేవాల?" అన్నాడు నాయన. ఆయన కఠినుడు కాదు. ఆ ఏడు పంట సగమైనా రాలేదు. పక్కింటాయన, టౌన్లో మార్కెట్ యార్డు దగ్గర వదిలేస్తే ఏదో ఒకటి తిని బతుకుతుందని సలహా ఇచ్చాడు. లారీలు తిరిగే చోట, హారన్ వినిపించని పిల్ల ఎన్నాళ్లు బతుకుతుందో లెక్క కట్టడానికి మ్యాథమెటిక్స్ అక్కరలేదు.

తీర్పు చెప్పింది మా అవ్వ. ఆమెకు డెబ్బై దాటింది. చెవులు బాగా మందగించినాయి. సంగతేమిటో సైగలతో తెలుసుకొని, "నాకూ వినపడదు గదా, నన్నూ యార్డులో వదిలేసి వస్తావేమి రా?" అంది నాయనతో. నాయన తువ్వాలు దులుపుకొని చేనికి పోయినాడు. సాయంత్రం వచ్చి ఒక షరతు పెట్టినాడు. ఉగాది నాటికి పిలిస్తే రావాల, రోడ్డు మీదికి పోకూడదు. లేకపోతే తన మాటే నెగ్గాల.

ఒక్క మా నాయననే అనడానికి లేదు. అమెరికాలో డాల్మేషియన్ కుక్కల సంఘం వారే ఒకప్పుడు రెండు చెవులూ వినిపించని పిల్లలను చంపించడమే మేలని చెప్పేవారు. అవి ఉలిక్కిపడి కరుస్తాయనీ, చెప్పిన మాట నేర్వవనీ వారి వాదం. కాని 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, వినికిడి లేక చూపు లోపించిన కుక్కలను మామూలు కుక్కలతో పోల్చి చూస్తే, వీటిలో కరిచే గుణం ఎక్కువని తేలలేదు. ఎక్కువగా మొరగడం, దొరికిందల్లా కొరకడం మాత్రం కనిపించింది.

కళ్లతో పాఠాలు

కుక్కకు పుట్టుకతో మన భాష రాదు. "కూర్చో" అనే మాటలో కూర్చోవడం ఏమీ లేదు. ఆ శబ్దానికీ ఆ పనికీ మనం ముడివేస్తాం. శబ్దం బదులు సైగతో ముడివేసినా ముడి ముడే. నిజానికి కుక్క మన చేతులను చూడడంలో దిట్ట. మనిషి వేలు చూపిన వైపు కుక్క పోతుందని 1998లోనే శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో చూపించారు. అవి పెంపుడు కుక్కలు. మన వీధికుక్కల సంగతేమిటని కోల్‌కతాలోని ఐసెర్‌లో అనిందితా భద్ర బృందం పరీక్షించింది. ఆ ఫలితాలు 2020లో వచ్చినాయి. ఏ శిక్షణా లేని వీధికుక్కల్లో దగ్గరికి రావడానికి జంకనివి, నూటికి సుమారు 80, చూపిన గిన్నె దగ్గరికే పోయినాయి. మల్లి పుట్టింది ఆ జాతిలోనే.

ఎనిమిది వారాలు నిండేదాకా దాన్ని తల్లి దగ్గరే ఉంచాం. తోబుట్టువులతో ఆడుకుంటూ ఎంత గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుందో పిల్లలు నేర్చుకుంటాయి. చెవిటి పిల్లకు అవతలిదాని "కుయ్" మనే ఏడుపు వినిపించదు. కాబట్టి ఈ పాఠం ఇంట్లో మళ్లీ చెప్పవలసి వచ్చింది. పళ్లు నొక్కితే వెంటనే ఆట ఆపి వీపు తిప్పేవాళ్లం. కొట్టడం లేదు. ఆ తర్వాత పాఠాలు ఈ వరుసలో సాగినాయి.

మొదటిది చూపు. చెవి ఉన్న కుక్కను పిలిచి మనవైపు తిప్పుకోవచ్చు. చెవిటి కుక్క తనంతట తాను మనల్ని చూస్తేనే పాఠం. అందుకని అది ఎప్పుడు మా మొహం వైపు చూసినా చిటికెడు ఉడికిన గుడ్డో, సంగటి ముక్కో పెట్టేవాళ్లం. వారం రోజుల్లో అది అడుగడుక్కీ తిరిగి చూడడం మొదలుపెట్టింది. మిగతా చదువుకంతా ఇదే పునాది.

రెండవది శభాష్. బొటనవేలు పైకెత్తి చూపి, వెంటనే తిండి పెట్టడం. ఇది పావ్‌లోవ్ సిద్ధాంతమే. ఆయన తన కుక్కలకు మెట్రోనోం శబ్దం వినిపించి తిండి పెట్టేవాడు. మేము శబ్దం బదులు బొటనవేలు పెట్టాం. కొన్నాళ్లకు బొటనవేలు చూడగానే తోక ఊపడం మొదలైంది. అప్పటినుంచి సరైన పని చేసిన క్షణాన్నే "ఇదే" అని దూరంనుంచి చెప్పడానికి వీలైంది.

మూడవది సైగలు. వీటికోసం మేమేమీ కొత్తగా వెతుక్కోలేదు. మా ఇంట్లో అవ్వతో మాట్లాడడానికి ఎప్పటినుంచో సైగలున్నాయి. అరచేయి మనవైపు తిప్పుకొని ఊపితే "రా". నేలవైపు వంచితే "కూర్చో". అరచేయి ఎదుటికి చాపితే "ఆగు". వేళ్లు నోటికి తగిలిస్తే "తిండి". వేలు అడ్డంగా ఆడిస్తే "వద్దు". నుదుట వేలు పెట్టుకుంటే "మల్లీ". పేరు మా కోసం, సైగ దాని కోసం. ఇందులో కఠినమైన నియమం ఒక్కటే. ఇంట్లో అందరూ ఒకే పనికి ఒకే సైగ చేయాలి. అమ్మ ఒకటి, నాయన ఒకటి చేస్తే కుక్క ఏమి నేర్చుకుంటుంది? ఒక్కొక్క పాఠం అయిదు నిమిషాలు మించకూడదు. నేను శనివారం సాయంత్రం బస్సెక్కి పోయి ఆదివారం పాఠం చెప్పేవాణ్ణి. మిగతా ఆరు రోజులూ గురువు అవ్వే. వరండాలో కూర్చొని ఇద్దరూ గంటలకొద్దీ సైగలు చేసుకునేవారు. అయిదు నిమిషాల నియమం అవ్వ దగ్గర చెల్లలేదు.

నాలుగవది దూరంనుంచి పిలుపు. ఎద్దుల పలుపులు రెండు ముడివేసి ముప్పై అడుగుల తాడు చేశాం. మెడకు ఊపిరాడనట్టు కాక, ఛాతీకి పట్టీ వేసి కట్టాం. తాడు కొద్దిగా కదిలిస్తే తిరిగి చూడాలి, చూడగానే "రా" అనాలి, వస్తే గుడ్డు ముక్క. చేన్లో ఇంకా దూరంగా ఉన్నప్పుడు తువ్వాలు ఊపేవాళ్లం. ఇక్కడొక చిన్న సంగతి. నాయన తువ్వాలు ఎరుపు. పచ్చని చేలో ఎరుపు మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుక్క కంటికి ఎరుపు, ఆకుపచ్చ రెంటికీ పెద్ద తేడా లేదు. అది బాగా గుర్తుపట్టే రంగులు నీలం, పసుపు. పసుపు గుడ్డ కట్టెకు కట్టి ఊపితే చాలా దూరంనుంచే తిరిగేది. చీకట్లో టార్చి వేసి దాని ముందు నేలమీద రెండుసార్లు ఆడిస్తాం. కళ్లలోకి కొట్టకూడదు.

అయిదవది నిద్ర లేపడం. చెవిటి కుక్క కరుస్తుందనే భయమంతా ఇక్కడిదే. నిద్రలో హఠాత్తుగా తాకితే ఏ ప్రాణైనా ఉలిక్కిపడుతుంది. ముందు చేయి ముక్కు దగ్గర పెట్టాలి. వాసన పోగానే చాలావరకు కళ్లు తెరుస్తుంది. తెరవకపోతే భుజం మీద మెల్లగా తాకి, లేవగానే తినడానికేదైనా పెట్టాలి. ఇట్లా నెల రోజులు చేస్తే, తాకడమంటే తిండి వస్తుందనే అర్థం దానికి స్థిరపడుతుంది. చిన్నపిల్లలను మాత్రం నిద్రపోయే కుక్క దగ్గరికి పోనివ్వకూడదు. ఈ మాట అన్ని కుక్కలకూ వర్తిస్తుంది.

పెంచుకోదలచినవారికి మరి కొన్ని మాటలు

టీకాలు మరవకూడదు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి పోవాలి. ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కలకు విషం. రోడ్డు పక్క తాడు లేకుండా వదలకూడదు. ఎంత బాగా నేర్చినా సరే, అటు తిరిగి ఉన్న కుక్కకు మన సైగ కనపడదు. మెడపట్టీ మీద "నాకు వినపడదు" అని రాసి ఫోన్ నంబరు కుట్టించాలి. మేము మల్లి మెడకు మేక గంట కూడా కట్టాం. చూసినవాళ్లు నవ్వుతారు. ఆ గంట దానికి కాదు, అది ఎక్కడుందో మాకు తెలియడానికి. అదిరే పట్టీలు కూడా బజార్లో దొరుకుతాయి. అదురుతోనే తిరిగి చూడమని నేర్పవచ్చు. కరెంటు షాకు ఇచ్చే పట్టీలు మాత్రం వద్దు.

కోప్పడడం కూడా ఇక్కడ సాగదు. ఇష్టం లేనప్పుడు మల్లి మొహం పక్కకు తిప్పేస్తుంది. మన ఉపన్యాసం అక్కడితో సరి. వెనక బెంచీ మిత్రులకు ఈ విద్య కొత్తదేమీ కాదు.

ఇప్పుడు ఏమి చేస్తోంది?

ఉగాది నాడు నాయన ఇంటి ముందు నిలబడి, కళ్లం చివరనున్న మల్లికి అరచేయి ఊపినాడు. అది చూసింది, వచ్చింది, కాళ్ల దగ్గర కూర్చుంది. నాయన శభాష్ సైగ చేయలేదు. బొబ్బట్టు తుంచి కొంచెం పెట్టినాడు. షరతు గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మల్లి పందుల కాపలాకు పనికిరాలేదు. చేను దగ్గర వేరే కుక్క ఉంది. కాని దాని ముక్కు చక్కగా పనిచేస్తుంది, పాదాలకు అదురు తెలుస్తుంది. అవ్వ మంచం పక్కనే పడుకుంటుంది. ఎవరైనా వరండా మెట్టు ఎక్కితే లేచి నిలబడుతుంది. అది లేవడం చూసి అవ్వ వాకిలి వైపు చూస్తుంది. ఇంతకుముందు మనుషులు ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆమెకు తెలిసేది కాదు. దీన్ని ఎవరూ నేర్పలేదు.

చివరగా ఒక విన్నపం. చెవిటి కుక్కను పెంచే అవకాశం అందరికీ రాదు. దారిలో ఎదురయ్యే అవకాశం మాత్రం అందరికీ ఉంది. మన కాలేజీ గేటు దగ్గర, హాస్టల్ మెస్ వెనక ఎన్నో కుక్కలు పడుకొని ఉంటాయి. మీరు బండి మీద వస్తూ హారన్ కొట్టినా ఒక కుక్క తప్పుకోకపోతే దానికి పొగరనుకోకండి. దానికి వినపడకపోవచ్చు. కాస్త నిదానించి, అది చూసేటట్టు పక్కనుంచి రండి. మీకు పోయేది అర నిమిషం.